వాసన రాకపోతే నీళ్లు శుభ్రమైనట్టు కాదు

పైకప్పు కింద కట్టిన స్విమ్మింగ్ పూల్‌లో క్లోరిన్ ఘాటు మీద ఫిర్యాదులు మొదలవగానే ఒక సలహా సిద్ధంగా ఉంటుంది: "బ్రోమిన్‌కి మారిపోండి, ఇక ఏ గొడవా ఉండదు." వాసన రాదంటారు. కళ్లు మండవంటారు. పీహెచ్ గురించి బెంగ అక్కర్లేదంటారు. ఫీడర్ నిండా బిళ్ళలు వేసి మరిచిపోవచ్చంటారు. కాంట్రాక్టర్ చెబుతాడు, క్లబ్‌హౌస్ కమిటీ తలూపుతుంది, మెయింటెనెన్స్ కట్టేవాళ్లు హమ్మయ్య అనుకుంటారు.

ఈ నాలుగు మాటల్లో మొదటి రెండూ చాలావరకు నిజం. మూడోది సగం నిజం. నాలుగోది పచ్చి అబద్ధం. అసలు ప్రమాదం ఎక్కడంటే, మొదటి రెండు నిజాలను చూపించే నాలుగో అబద్ధాన్ని నమ్మిస్తున్నారు. వాసన లేదు కాబట్టి నీళ్లు బాగున్నాయని, నీళ్లు బాగున్నాయి కాబట్టి కొలవక్కర్లేదని తేల్చేస్తున్నారు. నేను దీన్ని తలకిందులు చేసి చెబుతాను. బ్రోమిన్ మన ముక్కుకూ కళ్లకూ అందే హెచ్చరికలను తీసేస్తుంది. అందుకే బ్రోమిన్ పూల్‌కు కొలతలు ఎక్కువ కావాలి, కొత్త నీళ్లు ఎక్కువ కావాలి, దిగేవాళ్లకు కట్టుబాటు ఎక్కువ కావాలి.

ముందు బ్రోమిన్‌కు దక్కాల్సిన మర్యాద దానికి ఇచ్చేద్దాం. ఇండోర్ పూల్‌లో అడుగు పెట్టగానే ముక్కుపుటాలు అదరగొట్టే వాసన నిజానికి క్లోరిన్‌ది కాదు. మన చెమటలో, మూత్రంలో ఉండే నత్రజని పదార్థాలతో క్లోరిన్ కలిసి క్లోరమైన్లు పుడతాయి. వాటిలో ట్రైక్లోరమైన్ నీటిలో నిలవదు, గాలిలోకి లేచిపోతుంది. ఆరుబయట పూల్ అయితే గాలి దాన్ని ఎత్తుకుపోతుంది. నాలుగు గోడల మధ్య అది నీటి మీదే, ఈదేవాళ్లు ఊపిరి తీసుకునే ఎత్తులోనే, పేరుకుంటుంది. బెల్జియంలో ఇండోర్ పూల్స్‌కు వెళ్లే పిల్లల ఊపిరితిత్తుల మీద బెర్నార్డ్ బృందం 2003లో ప్రచురించిన పరిశోధన ఈ విషయాన్ని అందరి దృష్టికీ తెచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఈత కొలనుల మార్గదర్శకాలు వెలువరిస్తూ, పూల్ గాలిలో ట్రైక్లోరమైన్ ఘనపు మీటరుకు 0.5 మిల్లీగ్రాములు దాటకూడదని తాత్కాలిక పరిమితి పెట్టింది. కాబట్టి క్లోరిన్ ఘాటు నుంచి తప్పించుకోవాలనుకోవడంలో తప్పు లేదు. ఆ కోరిక న్యాయమైనదే.

బ్రోమిన్ ఆ కోరిక తీరుస్తుంది కూడా. అదీ చెమటతో, మూత్రంతో కలిసి బ్రోమమైన్లుగా మారుతుంది. కానీ బ్రోమమైన్లు క్లోరమైన్లంత మండించవు, అంత ఘాటుగా ఉండవు. పైగా క్లోరమైన్లు క్రిములను చంపడంలో బలహీనం, బ్రోమమైన్లు దాదాపు అసలు బ్రోమిన్ అంత గట్టిగా పనిచేస్తాయి. వేడి నీటిలోనూ బ్రోమిన్ నిలకడగా ఉంటుంది. అందుకే స్పా తొట్లలో, ఫిజియోథెరపీ కోసం వాడే గోరువెచ్చని కొలనుల్లో దానికి గిరాకీ. ఎండ తగిలితే మాత్రం త్వరగా విరిగిపోతుంది. క్లోరిన్‌ను ఎండ నుంచి కాపాడే సయనూరిక్ ఆమ్లం బ్రోమిన్‌ను కాపాడలేదు. కప్పు కింద ఉన్న పూల్‌కే బ్రోమిన్ అనడానికి కారణం అదే. ఇంతవరకూ ఎవరితోనూ నాకు పేచీ లేదు.

పేచీ ఇక్కడ మొదలవుతుంది. వంటగ్యాస్‌కు స్వతహాగా వాసన ఉండదు. లీకైతే ఇంట్లోవాళ్లకు తెలియాలని కంపెనీలు పనిగట్టుకుని అందులో ఇథైల్ మెర్కాప్టాన్ అనే కంపు కొట్టే రసాయనం కలుపుతాయి. ఆ కంపే ఎన్నో ప్రాణాలు కాపాడింది. పూల్ విషయంలో మనం దీనికి సరిగ్గా ఎదురు పని చేస్తున్నాం. లీకు ఆపకుండా వాసన తీసేయడానికి డబ్బు ఖర్చుపెడుతున్నాం.

ఆ లీకు చిన్నదేమీ కాదు. కెనడాలోని అల్బెర్టా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2017లో పూల్ నీళ్లలో ఎసిసల్ఫేమ్ పొటాషియం అనే కృత్రిమ తీపి పదార్థాన్ని వెతికారు. శీతల పానీయాల్లో, తినుబండారాల్లో ఉండే ఈ పదార్థం ఒంట్లో అరగకుండా మూత్రంలో బయటికి వచ్చేస్తుంది. దాన్నిబట్టి లెక్క కడితే, సుమారు 8 లక్షల 30 వేల లీటర్ల కొలనులో 75 లీటర్ల మూత్రం ఉందని తేలింది. అక్కడి పూల్స్‌లో ఈదినవాళ్లు మనకన్నా అపరిశుభ్రులేమీ కాదు. క్లోరిన్ పూల్‌లో అయితే ఆ మురికి వాసన రూపంలో తనను తాను పట్టిస్తుంది. జనం గొణుగుతారు, ఆపరేటర్ కదులుతాడు. బ్రోమిన్ పూల్‌లో ఆ మూత్రం అంతే ఉంటుంది, ఆ చెమట అంతే ఉంటుంది. గొణిగేవాడు ఉండడు, కదిలేవాడూ ఉండడు.

"ముక్కు చెప్పకపోతే టెస్ట్ కిట్ చెబుతుంది కదా" అంటారు. ఆ కిట్ దగ్గర ఏం జరుగుతుందో నిలబడి చూడండి. ఆపరేటర్ 10 మిల్లీలీటర్ల గాజు గొట్టంలో పూల్ నీళ్లు పట్టి, డీపీడీ ఒకటో నంబరు బిళ్ళ వేసి నలుపుతాడు. నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. ఆ రంగును పక్కనున్న రంగుల పలకతో పోల్చి అంకె రాసుకుంటాడు. ఆ పలక క్లోరిన్ లెక్కతో ఉన్నదైతే మొదటి పొరపాటు అక్కడే. బ్రోమిన్ బరువైన మూలకం కాబట్టి, క్లోరిన్ అంకెను 2.25తో హెచ్చవేస్తేనే బ్రోమిన్ అంకె వస్తుంది. పలక 2 చూపిస్తే నీళ్లలో ఉన్నది 4.5 పీపీఎం బ్రోమిన్. పూల్‌లో బ్రోమిన్ కనీసం 3 పీపీఎం, వేడినీళ్ల తొట్టిలో కనీసం 4 ఉండాలని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ చెబుతుంది. హెచ్చవేత తెలియనివాడు పలక మీద 2 చూసి చాల్లేదనుకుని ఫీడర్ ఇంకా తెరుస్తాడు.

అలా తెరుస్తూ పోతే రెండో పొరపాటు ఎదురవుతుంది. బ్రోమిన్ మరీ ఎక్కువైతే అది డీపీడీ రంగునే తినేస్తుంది. గులాబీ రంగు క్షణం పాటు మెరిసి మాయమైపోతుంది, గొట్టంలో నీళ్లు రంగు లేకుండా మిగులుతాయి. ఆపరేటర్ లాగ్‌బుక్‌లో సున్నా రాస్తాడు, మళ్లీ బిళ్ళలు వేస్తాడు. మందు మోతాదు మించిన పూల్‌లో మందే లేదని నమ్మి ఇంకా మందు వేయడం ఇది. ఆ నీళ్లను డిస్టిల్డ్ వాటర్‌తో పల్చన చేసి మళ్లీ చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. కానీ ఆ పని చేయాలని అతనికి ఎవరు నేర్పారు?

మూడోది ఇంకా మోసకారి. పీహెచ్ చూడడానికి వాడే ఫినాల్ రెడ్ చుక్కలను కూడా ఎక్కువ బ్రోమిన్ మార్చేస్తుంది. ఎర్రగానో నారింజగానో ఉండాల్సిన నీళ్లు ఊదారంగుకు తిరుగుతాయి. చూసినవాడు పీహెచ్ బాగా పెరిగిపోయిందనుకుని యాసిడ్ పోస్తాడు. నిజానికి పీహెచ్ అప్పటికే తక్కువగా ఉండొచ్చు. ఆ యాసిడ్‌తో టైల్స్ మధ్య సిమెంటు కరుగుతుంది, హీటర్‌లోని రాగి గొట్టాలు తినేసుకుపోతాయి. కరిగిన రాగి గోడల మీద పచ్చని మరకలు కట్టేదాకా ఎవరికీ అనుమానం రాదు. వేల రూపాయల హీటర్ పాడైందని తయారీదారును తిడతారు. తప్పు హీటర్‌ది కాదు, కిట్‌ను చదవడం నేర్పని మన నిర్లక్ష్యానిది.

అన్నిటికన్నా ముఖ్యమైన తేడా మరొకటుంది. క్లోరిన్ పూల్‌లో ఒకటో నంబరు బిళ్ళతో విడిగా ఉన్న క్లోరిన్‌ను, మూడో నంబరు బిళ్ళతో మొత్తం క్లోరిన్‌ను కొలుస్తారు. ఆ రెండు అంకెల తేడానే క్లోరమైన్ల లెక్క. అంటే ఈదేవాళ్లు నీళ్లలో వదిలిన మురికికి అదొక మీటరు. బ్రోమిన్ పూల్‌లో ఆ మీటరు లేదు. విడి బ్రోమిన్, బ్రోమమైన్లు రెండూ ఒకటో నంబరు బిళ్ళకే కలిసి రంగు చూపిస్తాయి. అంకె 4 వస్తే అందులో ఎంత తాజా మందో, ఎంత మురికిని పట్టుకున్న మందో ఆ గొట్టం చెప్పలేదు. ముక్కు చెప్పదు, కిట్టూ చెప్పదు. అలాంటి నీటికి "వేసి మరిచిపోండి" అని సలహా ఇవ్వడం బాధ్యత గల మాట కాదు.

ఇక పీహెచ్ మాట. పీహెచ్ 7.5 దగ్గర క్లోరిన్‌లో సుమారు సగమే క్రిములను చంపే రూపంలో ఉంటుంది, బ్రోమిన్‌లో తొంభై శాతానికి పైగా ఉంటుంది. పీహెచ్ 8 దాకా పెరిగినా బ్రోమిన్‌లో ఎనభై శాతానికి పైగా పనికొస్తుంది, క్లోరిన్‌లో నాలుగో వంతు కూడా మిగలదు. ఇది నిజం, బ్రోమిన్‌కు పెద్ద బలం. అయితే పీహెచ్ అన్నది ఒక్క క్రిముల కోసం చూసేది కాదు. నీళ్లు గోడలను తింటున్నాయా, గొట్టాల్లో సున్నపు పొర కడుతున్నాయా అన్నది పీహెచ్, ఆల్కలినిటీ, కాల్షియం కాఠిన్యం, వేడి, కరిగిన లవణాలు అన్నీ కలిసి తేలుస్తాయి. విల్‌ఫ్రెడ్ లాంగెలియర్ 1936లో ఊళ్లకు నీళ్లు తెచ్చే గొట్టాల కోసం కట్టిన లెక్క నేటికీ పూల్స్‌కు పనికొస్తోంది. బ్రోమిన్ వేసినంత మాత్రాన ఆ లెక్క రద్దు కాదు. పైగా ఎక్కువమంది వాడే బీసీడీఎంహెచ్ అనే బ్రోమిన్ బిళ్ళలది ఆమ్ల స్వభావం. అవి కరిగేకొద్దీ ఆల్కలినిటీ మెల్లగా పడిపోతుంది, దాంతో పీహెచ్ నిలకడ తప్పుతుంది. లక్ష లీటర్ల పూల్‌లో ఆల్కలినిటీ 10 పీపీఎం పెంచాలంటే సుమారు 1.7 కిలోల వంటసోడా చాలు. పని చిన్నదే, ఖర్చూ చిన్నదే. కానీ కొలిచినవాడికే ఆ అవసరం తెలుస్తుంది.

బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు పోసే మన దగ్గర ఇంకో మెలిక ఉంది. బోరు నీటికి కాఠిన్యం చాలాచోట్ల ముందే ఎక్కువ. నీళ్లు ఆవిరవుతుంటే పైన మళ్లీ అవే నీళ్లు పోస్తారు. ఆవిరితో పోయేది నీరొక్కటే, కాల్షియం అక్కడే మిగిలి గట్టిపడుతుంది. అందుకే పోసే నీళ్లకూ టెస్ట్ చేయాలి.

ఆవిరి వదిలిపోయే మరో పదార్థం దగ్గరే "మరిచిపోండి" వాదం పూర్తిగా కూలిపోతుంది. బీసీడీఎంహెచ్ బిళ్ళ కరిగి బ్రోమిన్‌ను, క్లోరిన్‌ను ఇచ్చేశాక, వాటిని మోసుకొచ్చిన డైమిథైల్ హైడాంటోయిన్ నీళ్లలోనే ఉండిపోతుంది. క్లుప్తంగా డీఎంహెచ్ అంటారు. ఫిల్టర్ దాన్ని పట్టదు. గాలి తీసుకుపోదు. పూల్ దగ్గర వాడే కిట్లలో దానికి పరీక్ష లేదు, ల్యాబ్‌కు పంపాల్సిందే. ఇది లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

లెక్క వేసి చూద్దాం. కిలో బిళ్ళలు కరిగితే సుమారు 530 గ్రాముల డీఎంహెచ్ మిగులుతుంది. లక్ష లీటర్ల పూల్‌లో రోజుకు అరకిలో బిళ్ళలు కరుగుతున్నాయనుకుందాం. నీళ్లు మార్చకుండా పైపైన నింపుతూ పోతే రెండున్నర నెలల్లో 200 దాటేస్తుంది. ఆ తర్వాత ఆగదు, పెరుగుతూనే ఉంటుంది. నీళ్లు అద్దంలా ఉంటాయి, వాసన ఉండదు, బ్రోమిన్ అంకె చక్కగా ఉంటుంది. పైన పటారం లోన లొటారం అనేది ఇలాంటి నీళ్లనే. బ్రోమిన్ వాడే పూల్స్‌లో ఈదినవాళ్లకు ఒళ్లంతా దురద, దద్దుర్లు రావడాన్ని రైక్రాఫ్ట్, పెన్నీ అనే ఇద్దరు 1983లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. నలభై ఏళ్లు దాటినా మన కాంట్రాక్టర్ల మాటల్లో ఆ ఊసే వినపడదు.

విరుగుడు కష్టమైనదేమీ కాదు. ఈదిన ఒక్కొక్కరికి రోజుకు కనీసం 30 లీటర్ల చొప్పున పాత నీళ్లు తీసి కొత్త నీళ్లు కలపాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్పే సూత్రం. పైన చెప్పిన పూల్‌లో రోజుకు 50 మంది దిగితే 1,500 లీటర్లు. ఈ ఒక్క పని క్రమం తప్పకుండా చేస్తే ఆ డీఎంహెచ్ ఎన్నేళ్లు గడిచినా 177 మిల్లీగ్రాముల దగ్గర ఆగిపోతుంది, 200 ముట్టదు. మూత్రం, చెమట, లవణాలు కూడా అదే దారిన పల్చబడతాయి.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. "వేసవిలో తాగడానికే ట్యాంకర్లు తెప్పించుకుంటున్నాం, పూల్‌లో నీళ్లు పారబోయమంటారా?" అని అడుగుతారు. 1,500 లీటర్లంటే 5,000 లీటర్ల ట్యాంకర్ ఒకటి మూడు రోజులకు పైగా వస్తుంది. ఫిల్టర్ బ్యాక్‌వాష్‌కు ఎలాగూ పోయే నీళ్లు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. అవి పోను తక్కువపడినదే అదనంగా తీయాలి. అదీ మోయలేని నెల వస్తే మర్యాదైన దారి ఒకటే: దిగేవాళ్ల సంఖ్య తగ్గించండి, లేదా పూల్ మూసేయండి. నీళ్లు లేవు కాబట్టి పాత నీళ్లలోనే పిల్లల్ని ఈదించడం పొదుపు కాదు. సబ్బుతో స్నానం చేసి దిగే అలవాటు ఉంటే నీళ్లలో చేరే మురికి ఎలాగూ తగ్గుతుంది. ఆ షవర్ దగ్గర నిలబడి చెప్పే మనిషిని పెట్టడానికి ట్యాంకర్ అక్కర్లేదు.

"బ్రోమిన్ సముద్రపు ఉప్పు నుంచి వచ్చేది, సహజమైనది, కాబట్టి హాని తక్కువ" అని మరో మాట ప్రచారంలో ఉంది. గుజరాత్‌లోని కచ్ తీరంలో ఉప్పు మడుల్లో మిగిలే చేదు ద్రవం నుంచి బ్రోమిన్ తీస్తారన్నది నిజమే. కానీ పుట్టిల్లు ఏదైనా, పూల్‌లోకి వచ్చాక అది చేసే రసాయన చర్య మారదు. బార్సిలోనాలో ఒక క్లోరిన్ ఇండోర్ పూల్‌ను, ఒక బ్రోమిన్ ఇండోర్ పూల్‌ను పరీక్షించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో నూటికి పైగా ఉపఉత్పన్నాలు బయటపడ్డాయి. బ్రోమిన్ పూల్‌లో బ్రోమోఫాం వంటి బ్రోమిన్ సమ్మేళనాలదే పెద్ద వాటా. అవీ గాలిలోకి లేస్తాయి. బ్రోమైడ్ ఉన్న నీళ్లలోకి ఓజోన్ పంపితే బ్రోమేట్ పుట్టొచ్చు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న పదార్థాల జాబితాలో, 2బీ వర్గంలో పెట్టింది. ఇవి చెప్పి జనాన్ని బెదరగొట్టాలని కాదు. ఘాటు లేదు కదా అని గాలి మార్చే ఫ్యాన్లు ఆపేసి కరెంటు ఆదా చేసుకునే పని ఏ పూల్‌లోనూ సరికాదని చెప్పడానికే. ముక్కుకు తెలియని గాలి కూడా ఊపిరితిత్తుల్లోకే వెళుతుంది.

మారేముందు ఆలోచించాల్సిన సంగతి మరొకటుంది. ఒకసారి నీళ్లలో బ్రోమైడ్ నిండాక వెనక్కి రావడం తేలిక కాదు. ఆ తర్వాత క్లోరిన్ పోసినా అది బ్రోమైడ్‌ను బ్రోమిన్‌గా మార్చడానికే ఖర్చవుతుంది. మళ్లీ క్లోరిన్ పూల్ కావాలంటే నీళ్లన్నీ తీసేయాల్సిందే. ఇది అత్యవసర వేళల్లో కూడా అడ్డం వస్తుంది. విరేచనాలతో ఉన్న పిల్లాడు నీళ్లలో పాడుచేస్తే, క్రిప్టోస్పోరిడియం అనే మొండి పరాన్నజీవిని చంపడానికి 20 పీపీఎం క్లోరిన్‌ను పన్నెండు గంటల 45 నిమిషాలు నిలపాలని సీడీసీ లెక్క. బ్రోమైడ్ నిండిన నీళ్లలో ఆ లెక్కను ఉన్నదున్నట్టు వాడలేం. అలాంటి రోజు ఏం చేయాలో కాగితం మీద ముందే రాసుకోని పూల్‌కు బ్రోమిన్ పెట్టించకూడదు. బీసీడీఎంహెచ్ బిళ్ళలను ట్రైక్లోర్ వంటి క్లోరిన్ బిళ్ళలతో ఒకే ఫీడర్‌లోనో ఒకే డబ్బాలోనో కలిపితే నిప్పంటుకునే ప్రమాదం ఉందని కూడా ఆ కాగితం మీద మొదటి వరుసలోనే ఉండాలి.

"మా పూల్‌లో ఇన్నాళ్లూ ఎవరికీ ఏమీ కాలేదు" అన్నది చివరి వాదం. ఎవరికీ ఏమీ కాలేదని ఎలా తెలిసింది? దద్దుర్లు వచ్చిన పిల్లను తల్లి చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళుతుంది. డాక్టరు సబ్బు మార్చమంటాడు, తిండి మార్చమంటాడు. పూల్ నీళ్ల సంగతి ఎవరూ అడగరు. సరిగా మందు లేని గోరువెచ్చని నీళ్లలో సూడోమొనాస్ అనే బ్యాక్టీరియా పెరిగి దద్దుర్లు తెస్తుంది, లెజియోనెల్లా అనే మరో బ్యాక్టీరియా నీటి తుంపర్ల మీద ఎక్కి న్యుమోనియా తెస్తుంది. రెండూ నీళ్లు తేటగా ఉండగానే జరుగుతాయి. ఫిర్యాదు రాలేదన్నది నీళ్లు బాగున్నాయనడానికి రుజువు కాదు.

ఇంతా చెప్పి బ్రోమిన్ మానేయమనడం లేదు. కప్పు కింద ఉన్న వెచ్చని కొలనుకు అది మంచి మందే. కానీ దానికి తగ్గ కట్టుబాటు ఉండాలి. రోజుకు కనీసం రెండుసార్లు బ్రోమిన్, పీహెచ్ కొలవాలి. వారానికోసారి ఆల్కలినిటీ, కాల్షియం చూడాలి. ఎంతమంది దిగారో, ఎన్ని కిలోల బిళ్ళలు కరిగాయో, ఎన్ని లీటర్ల కొత్త నీళ్లు కలిపారో ఒకే లాగ్‌బుక్‌లో పక్కపక్కనే రాయాలి. ఈ మూడు అంకెలే బ్రోమిన్ పూల్‌లో మనకు లేని మురికి మీటరుకు బదులు పనిచేస్తాయి. డీఎంహెచ్, క్రిముల పరీక్షలకు నీళ్లు క్రమం తప్పక ల్యాబ్‌కు పంపాలి. కిట్ రంగు మాయమైతే ఏం చేయాలో ఆపరేటర్‌కు నేర్పాలి, నేర్చుకున్నందుకు జీతం పెంచాలి. మార్బుల్ లాబీకి లక్షలు పోసి, పిల్లలు మింగే నీళ్లను చూసే మనిషికి ఒక్కరోజు శిక్షణ కూడా ఇవ్వని కమిటీలకు బ్రోమిన్ పెట్టించే అర్హత లేదు.

కొత్త పూల్ చూపించి "వాసన రాదండీ" అని ఎవరైనా గొప్పగా చెబితే, ఆ లాగ్‌బుక్ తెమ్మనండి. కిందటి నెల ఎన్ని లీటర్లు మార్చారో అడగండి. జవాబు లేకపోతే ఆ నీళ్లు ఎంత తేటగా ఉన్నా పిల్లల్ని దించకండి. అడిగే హక్కు మెయింటెనెన్స్ కట్టే ప్రతి ఇంటికీ ఉంది, అంకెలతో జవాబు చెప్పాల్సిన బాధ్యత పూల్ నడిపేవాళ్లది.